ఆసుపత్రి మురుగునీరు: మీ ప్రశ్నలు, మా జవాబులు

చిన్న ఆసుపత్రులు మురుగునీటిని తక్కువ ఖర్చులో ఎలా శుద్ధి చేసుకోవచ్చో అడుగుతూ తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. ఒకే విషయం అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: చిత్తూరులో మాది 30 పడకల నర్సింగ్ హోమ్. మురుగు శుద్ధికి బ్లోయర్లతో నడిచే యంత్రం పెట్టుకోమని ఒక కంపెనీవాళ్లు వెంటపడుతున్నారు. కరెంటు బిల్లుకు భయపడుతున్నాం. వెనకవైపు 4 సెంట్ల ఖాళీ జాగా ఉంది. యంత్రం లేకుండా అయ్యే పనేనా?

అయ్యే పనే. 4 సెంట్లు సరిపోతుంది, కాస్త మిగులుతుంది కూడా.

ముందు నీళ్ల లెక్క తేలాలి. 100 పడకల లోపు ఆసుపత్రికి పడకకు రోజుకు 340 లీటర్లు, 100 దాటితే 450 లీటర్లు అని మన దేశ ప్రమాణం. మీకు సుమారు 10,000 లీటర్లు. అందులో నూటికి 80 వంతులు మురుగుగా బయటికొస్తాయి, అంటే 8,000 లీటర్లు. అయితే ఈ అంకెను పట్టుకుని పునాది తవ్వేయకండి. ఓపీ రద్దీ, రోగుల వెంట వచ్చే బంధువులు పడకల లెక్కకు అందరు. ఓవర్‌హెడ్ ట్యాంకు రోజుకు ఎన్నిసార్లు నిండుతోందో వారం పాటు రాసి పెట్టుకోండి. ఆ అంకె ఎక్కువగా ఉంటే దాన్నే తీసుకోండి.

ఆ యంత్రంలో బ్లోయర్ పని, మురుగును తినే సూక్ష్మజీవులకు గాలి ఊదడం. 2 హార్స్‌పవర్ బ్లోయర్ రోజుకు 20 గంటలు తిరిగితే 30 యూనిట్లు కాలుతుంది. గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులకు ఆ ఖర్చు లేదు. వాటికి కావలసింది వెచ్చదనం. 30 డిగ్రీల పైన అవి బాగా పనిచేస్తాయి, చలిదేశాల్లో ఇదే ట్యాంకు నత్తనడక నడుస్తుంది. మన చిత్తూరు ఎండ ఇక్కడ పనికొస్తుంది. పుదుచ్చేరిలోని అరవింద్ కంటి ఆసుపత్రి మురుగునీరు డీవాట్స్ అని పిలిచే ఈ తరహా పద్ధతిలోనే శుద్ధి అవుతోంది. అది కంటి ఆసుపత్రి. మీ దగ్గర కాన్పుల వార్డు, క్యాంటీన్ ఉంటే మురుగు ఇంకా చిక్కగా ఉంటుంది, కొలతలు పిసినారితనంగా పెట్టుకోకూడదు.

8,000 లీటర్లకు కొలతలు ఇలా వేసుకోండి.

మొదట తేర్పు ట్యాంకు. 4 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, నీటిలోతు 1.5 మీటర్లు. లోపల మూడింట రెండు వంతుల దగ్గర అడ్డుగోడ. మడ్డి అడుక్కి, తెట్టు పైకి, మధ్యలో తేట మాత్రం ముందుకు పోతుంది. క్యాంటీన్ నీళ్లు దీంట్లోకి నేరుగా రాకూడదు. 500 లీటర్ల జిడ్డు తొట్టి విడిగా కట్టి, వారానికోసారి పైన పేరుకున్న జిడ్డు తీయించాలి.

తర్వాత ఒకదాని పక్కన ఒకటిగా ఆరు అరలు. ఒక్కోటి 2 మీటర్ల వెడల్పు, 75 సెంటీమీటర్ల పొడవు. ఒక అరలోంచి నీళ్లు 4 అంగుళాల పీవీసీ గొట్టాల ద్వారా తర్వాతి అర అడుగుకి దిగి, అక్కడి మడ్డిలోంచి పైకి లేచి మళ్లీ ఇంకో అరలోకి దూకుతాయి. గొట్టం అడుగు గచ్చుకు 15 సెంటీమీటర్ల పైన ఆగాలి. ఈ దారిలో కీలకం నీళ్లు పైకి లేచే వేగం. అది గంటకు ఒక మీటరు దాటితే మడ్డి కూడా నీళ్ల వెంట ఎగిరిపోతుంది. పొద్దున రద్దీ వేళ గంటకు 1,200 లీటర్లు వచ్చినా, ఈ కొలతలో వేగం గంటకు 80 సెంటీమీటర్లే. చాలామంది మేస్త్రీలు ‘అరలు తగ్గించి లోతు పెంచుదాం సార్’ అంటారు. మొత్తం ఘనపరిమాణం అంతే ఉన్నా, అడుగు వైశాల్యం తగ్గితే వేగం పెరుగుతుంది. ఒప్పుకోకండి.

చివరి రెండు అరల్లో 40 మి.మీ. కంకర 90 సెంటీమీటర్ల మందాన చిల్లుల పలకల మీద నింపండి. రాళ్లకు పట్టుకున్న పాచిలో సూక్ష్మజీవులు కాపురముంటాయి. మన జిల్లాలో గ్రానైట్ క్రషర్లకు కొదవ లేదు, దూరం నుంచి తెప్పించే పని లేదు. నింపేముందు దుమ్ము పోయేదాకా కడగాలి. ప్రతి అరకీ ఒక మూత, మొత్తానికి ఒక గాలి గొట్టం. గచ్చు పూర్తయ్యాక నీళ్లు నింపి 24 గంటలు వదిలి మట్టం చూడండి. కారే ట్యాంకు మీ బోరును పాడుచేస్తుంది.

ఆ తర్వాత మొక్కల పడక. 80 చదరపు మీటర్లు, అంటే సుమారు 2 సెంట్లు. లెక్క ఎలాగంటే, ట్యాంకులు దాటి వచ్చే నీటిలో లీటరుకు 90 మి.గ్రా. బీఓడీ (మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలత) ఉంటుందనుకుంటే, రోజుకు 720 గ్రాముల మలినం. చదరపు మీటరుకు 10 గ్రాముల చొప్పున మోయించాలంటే 72 చదరపు మీటర్లు కావాలి. పైన కాస్త వేసుకుని 80. ఇది 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉండాలి. స్థలం పొడుగ్గా ఉంది కదా అని 3 మీటర్ల వెడల్పుతో కాలువలా చేస్తే నీరు కంకరలోంచి చొరబడలేక పైకి పొంగుతుంది. లోతు 60 సెంటీమీటర్లు, అడుగు నూటికి ఒకటి వాలు, కింద 1 మి.మీ. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు లేదా గచ్చు. నీరు వచ్చే, పోయే అంచుల్లో అర మీటరు మేర 60 నుంచి 80 మి.మీ. రాళ్లు, మధ్యలో 6 నుంచి 12 మి.మీ. చిప్స్. చదరపు మీటరుకు నాలుగు మొక్కలు: మెట్టతామర, జమ్ము, వట్టివేరు. బయటికి పోయే గొట్టానికి తిరిగే ఎల్బో (వంపు గొట్టం) పెట్టి, కంకర పైమట్టానికి 5 సెంటీమీటర్ల కింద నీరు నిలిచేలా సరిచేయండి. మొదటి కొన్ని వారాలు మొక్కలు నిలదొక్కుకున్నాక ఆ మట్టం మెల్లగా దించితే వేళ్లు నీళ్లకోసం కిందికి పోతాయి.

నడుస్తున్న సెప్టిక్ ట్యాంకు మడ్డిని అరల్లో పదో వంతు నింపి మొదలుపెట్టండి, లేకుంటే పచ్చి పేడ కలిపిన నీళ్లు. రెండు మూడు నెలలపాటు బయటికొచ్చే నీరు నల్లగా, వాసనగా ఉంటుంది. ఆ వాసనకు భయపడి మధ్యలో పినాయిల్ పోస్తే కథ మొదటికి.

ప్రశ్న: తిరుపతిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ‘సెప్టిక్ ట్యాంకు వాసన వస్తోంది, హైపో (సోడియం హైపోక్లోరైట్, క్రిములను చంపే క్లోరిన్ ద్రావణం) ఎక్కువ పోయండి’ అంటారు మేనేజర్ గారు. ఎంత పోసినా వాసన తగ్గడం లేదు. ల్యాబ్ నీళ్లు, సక్షన్ బాటిల్ రక్తం ఎలా పారబోయాలి?

హైపో పోసిన కొద్దీ వాసన పెరగడం సహజమేనమ్మా. మురుగును తినే సూక్ష్మజీవులను మీరే చంపుతున్నారు. తినేవాళ్లు లేక మురుగు అలాగే నిలవుంటుంది.

హైపో చోటు మురుగు తూము కాదు, రక్తమున్న బాటిల్. సక్షన్ జాడీలో 400 మి.లీ. రక్తమూ ద్రవమూ ఉంటే, 10 శాతం హైపో 100 మి.లీ. పోయండి. మొత్తం మీద 2 శాతం అవుతుంది. 30 నిమిషాలు ఆగి, మూత తెరిచి మెల్లగా తూములో వంచండి. ముందే పలచన చేసిన 1 శాతం హైపో కొద్దిగా పోస్తే రక్తంలోని ప్రోటీన్లే దాన్ని మింగేస్తాయి, క్రిమికి మిగలదు. రోజుకు ఇలాంటివి రెండు లీటర్లు పారబోసినా ట్యాంకుకు ఇబ్బంది లేదు. అందులోని 40 గ్రాముల క్లోరిన్‌లో చాలావరకు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది, మిగిలింది, పైన లెక్కవేసిన 30 పడకల ఆసుపత్రి అయితే, రోజు మురుగు 8,000 లీటర్లలో కలిసిపోతుంది. అదే ఆయమ్మ 20 లీటర్ల బకెట్ నిండా 1 శాతం హైపోతో వార్డు తుడిచి ఒక్కసారిగా తూములో కుమ్మరిస్తే 200 గ్రాముల క్లోరిన్ ఒక్క ఉదుటున మొదటి అరలోకి పోతుంది. చంపేది ఆ ఉదుటు. నేల తుడిచే నీళ్లకు అంత గాఢత అక్కర్లేదు. రక్తం పడ్డచోట మాత్రం 1 శాతం వాడి, మామూలు నేలకు సబ్బు నీళ్లు చాలు.

ల్యాబ్‌లో విడిగా పెట్టాల్సినవి మూడు. ఫార్మలిన్ డబ్బాలోకి, అక్కడి నుంచి బయోమెడికల్ వ్యర్థాల వాహనానికి. హిమోగ్లోబిన్‌కు వాడే డ్రాబ్కిన్ ద్రావణంలో సయనైడ్ ఉంది. దానిమీద యాసిడ్ పడితే విషవాయువు లేస్తుంది కాబట్టి టాయిలెట్ యాసిడ్ పోసే సింకులో దాన్ని అసలు వంచకండి. ఎండోస్కోపీ పనిముట్లు నానబెట్టిన 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌ను పారేసేముందు లీటరుకు 40 నుంచి 60 గ్రాముల సోడియం బైసల్ఫైట్ కలిపి విషం విరగ్గొట్టాలి. లేకుంటే ఒక్క 5 లీటర్ల డబ్బా ట్యాంకును వారం పాటు పడుకోబెడుతుంది.

మరొకటి, ఇది పెద్దక్షరాలతో రాసి సింకు పైన అంటించండి: హైపో, టాయిలెట్ యాసిడ్ ఎప్పుడూ ఒకచోట కలపరాదు. క్లోరిన్ వాయువు వచ్చి, మూసిన బాత్రూములో పనిచేసే మనిషిని పడగొడుతుంది.

మీ మేనేజర్ గారికి ఈ పేజీ చూపించండి. మురుగులోకి ఏం వదలాలన్నది ట్యాంకు దగ్గర తేలదు, ల్యాబ్ బల్ల దగ్గరే తేలుతుంది. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు చెప్పేదీ ఇదే: రసాయన ద్రవాలను పుట్టినచోటే వేరుచేసి, ముందుగా శుద్ధిచేసి, ఆ తర్వాతే మిగతా నీళ్లలో కలపాలి.

ప్రశ్న: పుత్తూరు దగ్గర మాకు మొక్కల కంకర పడక ఉంది. ఏడాదిన్నర బాగానే పనిచేసింది. ఇప్పుడు నీళ్లు వచ్చే వైపు పైకి తేలి గుంటలా నిలుస్తోంది, దోమలు. మొక్కలు తీసేసి కొత్తగా చేయాలా?

తొందరపడకండి. పడక మొత్తం మూసుకుపోవడం అరుదు. సాధారణంగా మూసుకుపోయేది మొదటి ఒకటి రెండు మీటర్లే.

ముందు అసలు దొంగ ఎక్కడున్నాడో చూద్దాం. ఒక పొడవాటి కర్రకు తెల్ల పాత గుడ్డ చుట్టి, తేర్పు ట్యాంకు మూత తీసి, అడుగు తగిలేదాకా దింపండి. కాసేపాగి మెల్లగా పైకి తీయండి. గుడ్డ మీద నల్లగా, బంకలా అంటుకున్నంత ఎత్తు మడ్డి. దానిపైన బూడిదరంగు మరకతో నీటి భాగం కనిపిస్తుంది. 1.5 మీటర్ల నీటిలోతులో నల్లభాగం 50 సెంటీమీటర్లు దాటిందంటే ట్యాంకు నిండినట్టే, మడ్డి ముందుకు దాటుకుని మీ కంకరలోకి చేరుతోంది. ట్యాంకు ఖాళీ చేయకుండా కంకర మారిస్తే ఆరు నెలల్లో మళ్లీ ఇదే.

ట్యాంకు సరిచేశాక, వచ్చే వైపు మీటరున్నర మేర కంకర తవ్వి తీసి కడిగి మళ్లీ పోయండి. వట్టివేరు దుబ్బులు పక్కన తడిగా పెట్టి తిరిగి నాటండి. ఎల్బో కూడా చూడండి. ఎవరో పైకి తిప్పి ఉంటే నీళ్లు తేలడం ఖాయం. పడకకు నీళ్లు అందించే గొట్టం ఒక చివరే ఉంటే 8 మీటర్ల వెడల్పులో ఆ మూలే భారమంతా మోస్తుంది, వెడల్పంతా చిల్లుల గొట్టం వేయించండి. కట్టినప్పుడు కంకర కడగకుండా దుమ్ముతో పోసి ఉంటే మాత్రం రోగం అంతటా ఉంటుంది, అప్పుడు మార్చక తప్పదు.

దోమల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. నీరు కంకర కిందే ఉంటే గుడ్లు పెట్టేందుకు వాటికి చోటు లేదు.

ప్రశ్న: నవంబరు వానలకు ట్యాంకులు పొంగి మడ్డంతా కొట్టుకుపోతోంది. ఏం చేయాలి? (తిరుపతి)

2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో మీరు మరిచిపోయి ఉండరు. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాల నెలల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. లెక్క చూడండి: 300 చదరపు మీటర్ల డాబా మీద 100 మి.మీ. వాన పడితే 30,000 లీటర్లు. మీ డాబా గొట్టం మురుగు పైపులో కలిసి ఉంటే, నాలుగు రోజుల మురుగుకు సమానమైన నీరు కొన్ని గంటల్లోనే అరల గుండా పోతుంది. మడ్డి కొట్టుకుపోతుంది, సూక్ష్మజీవులు తిరిగి పెరగడానికి నెలలు పడుతుంది. ముందు చేయాల్సిన పని డాబా గొట్టాన్ని మురుగు పైపు నుంచి విడదీయడం. డాబా నీళ్లను ఇంకుడు గుంతకు మళ్లించండి.

మూతల అంచులు నేలకు 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. మొక్కల పడక చుట్టూ అంతే ఎత్తు కట్ట. పడక మీద నేరుగా పడే 100 మి.మీ. వాన 8,000 లీటర్లు, ఒక రోజు మురుగంత. ఆ రోజు శుద్ధి కాస్త పలచబడుతుంది, మొక్కలకేమీ కాదు.

ప్రశ్న: చివర్లో బ్లీచింగ్ వేస్తున్నాం. పరీక్షిస్తే క్లోరిన్ సున్నా చూపిస్తోంది. మోతాదు రెట్టింపు చేసినా అంతే. (చిత్తూరు)

మూడు చోట్ల వెతకండి.

మొదట మీ పౌడర్. కొత్త బ్లీచింగ్ పౌడర్‌లో 30 శాతం పైగా క్లోరిన్ ఉంటుంది. మూతి తెరిచిన సంచి మే నెలలో రేకుల షెడ్డులో ఉంటే మిగిలేది సున్నమే. చిన్న ప్యాకెట్లు కొని, బిగుతు డబ్బాలో నీడన పెట్టండి.

రెండోది, నీరు. గాలిలేని అరలు దాటి వచ్చే నీటిలో అమ్మోనియా, కుళ్లిన గుడ్ల వాసనిచ్చే సల్ఫైడ్ రెండూ ఉంటాయి. సల్ఫైడ్ క్లోరిన్‌ను మింగేస్తుంది. అమ్మోనియా దానితో కలిసి క్లోరమిన్ అవుతుంది. క్లోరిన్ పరీక్షకు వాడే డీపీడీ 1 గోలీ స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్‌నే చూపిస్తుంది కనుక సున్నా అంటుంది. డీపీడీ 3 గోలీ కూడా వేసి మొత్తం క్లోరిన్ చూడండి. గులాబీ రంగు తేలితే క్లోరిన్ ఉంది, క్లోరమిన్ రూపంలో ఉంది, నెమ్మదిగా పనిచేస్తుంది.

మూడోది, ఆగే సమయం. గంటకు 1,200 లీటర్లు వచ్చే వేళలో కూడా 30 నిమిషాలు నిలవాలంటే కనీసం 600 లీటర్ల తొట్టి, లోపల రెండు మూడు అడ్డుగోడలతో. వెయ్యి లీటర్లది కట్టుకుంటే నిశ్చింత. అడ్డుగోడ లేని తొట్టిలో నీరు నేరుగా ఈ మూల నుంచి ఆ మూలకు పోతుంది.

మోతాదు: 8,000 లీటర్లకు లీటరుకు 10 మి.గ్రా. చొప్పున 80 గ్రాముల క్లోరిన్, అంటే 30 శాతం పౌడర్ సుమారు 270 గ్రాములు. 20 లీటర్ల నీటిలో కలిపి గంట ఆగి, పైన తేరిన నీటిని మాత్రం కుళాయి ద్వారా బొట్టుబొట్టుగా రోజంతా పడనివ్వండి. అడుగు సున్నం పోస్తే గొట్టం పూడుతుంది. నీరు మసగ్గా ఉంటే ముందు దాన్ని తేటపరచండి, మోతాదు తర్వాత.

క్లోరిన్ ఎక్కువైనా తప్పే. ఆ 2016 నియమాల్లో చేపల పరీక్ష ఉంది: శుద్ధిచేసిన నీటిలో 96 గంటల తర్వాత నూటికి 90 చేపలు బతికుండాలి. క్లోరిన్ మిగిలిన నీటిలో చేప బతకదు. బయటికి వదిలేముందు తెరిచిన తొట్టిలో ఒక పూట ఎండ తగలనివ్వండి. మిగతా హద్దులు కూడా రాసుకోండి: బీఓడీ 30, సీఓడీ (మలినాన్ని రసాయనాలతో విరగ్గొట్టడానికి పట్టే ఆక్సిజన్) 250, తేలే మలినం 100, నూనె జిడ్డు 10, అన్నీ లీటరుకు మి.గ్రా.లలో, పీహెచ్ 6.5 నుంచి 9 మధ్య.

ప్రశ్న: ఈ నీళ్లు మామిడి చెట్లకు పెట్టొచ్చా? ఆకుకూరలకు?

మామిడి, కొబ్బరి, వేప, పూలమొక్కలకు క్లోరిన్ వేశాక పెట్టొచ్చు. డ్రిప్పు గొట్టం ద్వారా, పైన ఎండుటాకులు కప్పి చెట్టు మొదలు దగ్గరే పెట్టండి. స్ప్రింక్లర్ వద్దు, తుంపర్లు మనుషుల ముక్కులోకి పోతాయి. కాయలు రాలి నేలన పడే రోజుల్లో నీళ్లు ఆపండి. ఆకుకూరలు, టమోటా, పచ్చిగా తినేదేదైనా వద్దు. ఆసుపత్రి మురుగులో యాంటీబయాటిక్ మందులు, వాటికి లొంగని క్రిములు ఉంటాయి. కంకర పడక వాటిని తగ్గిస్తుంది కానీ పూర్తిగా తీయలేదు. ఇందులో మీ చేతిలో ఉన్నది ఒకటుంది: గడువు దాటిన మందులు, సిరప్‌లు సింకులో పోయకుండా బయోమెడికల్ వ్యర్థాల పసుపు సంచిలో వేయించండి.

ప్రశ్న: మడ్డి తీయడానికి ఊళ్లోని సెప్టిక్ ట్యాంకు లారీని పిలవొచ్చా?

పిలవకండి. ఆసుపత్రి శుద్ధి కేంద్రం మడ్డిని కాల్చివేతకు బయోమెడికల్ వ్యర్థాల ఉమ్మడి కేంద్రానికి గానీ, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి గానీ ఇవ్వాలని నియమం. అది పొలంలోకి, చెరువులోకి పోతే బాధ్యత మీదే. తీసేటప్పుడు మొత్తం ఊడ్చేయకుండా అడుగున 20, 30 సెంటీమీటర్లు వదిలితే ట్యాంకు మళ్లీ త్వరగా కుదురుకుంటుంది. అరల మడ్డి జోలికి మాత్రం అవసరమైతే తప్ప పోవద్దు. ఎంత తొందరున్నా మనిషిని ట్యాంకులోకి దింపొద్దు. చేతులతో మలం ఎత్తే పనిని ఆపడానికి తెచ్చిన 2013 చట్టం దాన్ని నిషేధించింది, లోపలి వాయువు రెండు మూడు శ్వాసల్లో ప్రాణం తీస్తుంది. పైనుంచే పంపు పెట్టించండి.

ప్రశ్న: మాకు కార్పొరేషన్ భూగర్భ డ్రైనేజీ కనెక్షన్ ఉంది. ఇదంతా అవసరమా?

ఆ లైను చివర శుద్ధి కేంద్రం ఉంటే మొక్కల పడక అక్కర్లేకపోవచ్చు. రక్తం, ల్యాబ్ రసాయనాలను ముందుగా శుద్ధి చేయడం మాత్రం మీకూ తప్పదు. జిడ్డు తొట్టి కూడా.

ప్రశ్న: డయాలసిస్ యూనిట్ పెట్టాక మా ట్యాంకు పనిచేయడం మానేసింది. ఎందుకు?

ఒక్కో డయాలసిస్‌కు నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటల్లో 120 లీటర్ల ద్రావణం పోతుంది. దాన్ని తయారుచేసే ఆర్‌ఓ యంత్రం తిప్పికొట్టే నీరు దానికి సమానమో, ఎక్కువో. రోజుకు పది మందికి చేస్తే రెండూ కలిపి 2,400 లీటర్లు దాటుతుంది, ట్యాంకు కట్టినప్పుడు ఎవరూ లెక్కవేయని నీరు. ఆర్‌ఓ తిప్పికొట్టిన నీటిలో రోగి స్పర్శ లేదు, ఉప్పు మాత్రమే ఎక్కువ. దాన్ని నేరుగా మురుగులోకి పోనివ్వకుండా విడిగా ఒక ట్యాంకులో పట్టి టాయిలెట్ ఫ్లష్‌లకు, నేల కడగడానికి మళ్లించండి. మొక్కలకు వద్దు, ఉప్పు పేరుకుంటుంది. వాడిన డయాలసిస్ ద్రావణం మాత్రం మురుగులోకే వెళ్లాలి. యంత్రాలను రాత్రి హైపోతోనో, యాసిడ్‌తోనో శుభ్రం చేస్తారు కాబట్టి, ఆ నీటిని, హైపోదీ యాసిడ్‌దీ ఒకచోట కలవకుండా, 500 లీటర్ల తొట్టిలో నిలిపి, మర్నాడంతా సన్నగా వదలండి. ఒక్కసారిగా వచ్చే పోటు తగ్గితే మీ ట్యాంకు రెండు నెలల్లో తిరిగి గాడిలో పడుతుంది.